నీలోఫర్ అంటే తామరా, కలువా?

సందేహం: జ్వరం, జలుబు అని యునానీ హకీము దగ్గరికి వెళితే ‘షర్బత్-ఎ-నీలోఫర్’ తాగమన్నారు. సీసా మీద తెలుగులో ‘తామర షర్బతు’ అని ఉంది. నీలోఫర్ అంటే తామరేనా? చలువ చేసే పువ్వు జలుబుకు మందెలా అవుతుంది?

సమాధానం: తామర కాదు, కలువ. మందు సీసా మీద ‘తామర’ అని రాస్తే గజ్జి, తామరలకు పూసుకునేదనుకునే ప్రమాదం కూడా ఉంది!

నీలోఫర్ మన పువ్వే, ఊళ్లు తిరిగి వచ్చింది. సంస్కృత ‘నీలోత్పలం’ పారశీకంలో ‘నీలోపల్’, ఆపైన ‘నీలూఫర్’ అయింది. ఫ్రెంచివారి ‘నెనుఫార్’ కూడా ఈ తీగకు కాసిన కాయే. 1931లో నిజాం ఇంటికి కోడలిగా వచ్చిన యువరాణి నీలోఫర్ పేరు, ఆమె పేరిట హైదరాబాదులో వెలసిన పిల్లల ఆసుపత్రి పేరు, అన్నీ ఈ కలువే.

నీలోత్పలాన్ని తెలుగులో నల్లకలువ అంటాం. ఇక్కడ ‘నల్ల’ అంటే కాటుక నలుపు కాదు, ముదురు నీలం. కృష్ణుడు నల్లనయ్య అయినట్లే. అమరకోశం నీలివాటిని ఇందీవరమనీ, తెల్లవాటిని కుముదమనీ విడదీసింది. యునానీలో ఆ పట్టింపు పోయి, తెల్లకలువ కూడా నీలోఫరే అయింది.

చెరువు గట్టున నిలబడితే తేడా తెలిసిపోతుంది. కలువాకు ఒక పక్క తొడిమ దాకా చీలి, నీటి మీద పరుచుకుని ఉంటుంది. తామరాకుకు చీలిక లేదు, కాడతో నీటిపైకి లేస్తుంది. కలువలన్నీ వెన్నెలకే విచ్చుకుంటాయన్నది కవుల మాట. నల్లకలువ పూసేది పట్టపగలే.

ఇక జలుబు. మనకు జలుబన్నా పడిశమన్నా ఒకటే. యునానీవారు జలుబును ‘నజ్లా’ అంటారు, దాన్ని రెండు చేశారు: వేడిది ‘హార్’, చల్లనిది ‘బారిద్’. ఒళ్లు కాలుతూ, గొంతు మండుతూ వచ్చే మొదటి రకానికే నీలోఫర్. చరకుడు కూడా నీలోత్పలాన్ని చందనం, వట్టివేళ్లతో కలిపి ఒంటి మంట తగ్గించే గుంపులో చేర్చాడు. మీది ఏ రకమో హకీమే చెప్పాలి, నిఘంటువు కాదు.

చీటీ మీద ‘కలువ పానకం’ అని ఉండాల్సింది. అరబ్బీ ‘షర్బత్’కు మూలం ‘తాగు’ అనే ధాతువు, మన ‘పానకా’నికీ అంతే.