‘డెకరేటివ్ పీస్’ అంటే వాపసు ఇవ్వక్కర్లేదా?

ప్రశ్న: ‘1917 నాటి పురాతన ఇత్తడి దుర్భిణి, 20 రెట్లు పెద్దగా చూపిస్తుంది’ అన్న ప్రకటన చూసి, చేతిలో పట్టుకునే మూడు గొట్టాల టెలిస్కోప్‌ను ఆన్‌లైన్‌లో కొన్నాను. దాని మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంది. కంటికి పెట్టుకుంటే అంతా మసక, అంచుల వెంట రంగుల చారలు. ఒక గొట్టానికి అయస్కాంతం అతుక్కుంటోంది. వెనక్కి తీసుకోమంటే, ‘అది డెకరేటివ్ పీస్, చూడటానికి కాదు, వాపసు లేదు’ అన్నారు. నా డబ్బు వస్తుందా? మేడ మీద దీనితో చూస్తుంటే ఎదురింటివాళ్లు కేసు పెడతామంటున్నారు, పెట్టగలరా? విదేశంలో ఉన్న మా మేనల్లుడికి దీన్ని కానుకగా పంపవచ్చా?

జవాబు: మీరు మసక సంగతికి పెద్ద పీట వేశారు. ఫిర్యాదు రాసేటప్పుడు దాన్ని అడుక్కు నెట్టండి. ‘ఇది షోకేసులో పెట్టుకునే వస్తువు’ అని అమ్మినవారు గట్టిగా వాదించగలిగేది ఆ ఒక్క విషయంలోనే. ప్రకటనలో ఏదో ఒక మూల ‘డెకరేటివ్’ అని ఉంటే వినియోగదారుల కమిషన్ ఆ వాదన కొంత వినవచ్చు కూడా. ‘1917 నాటిది’, ‘ఇత్తడి’, ‘20 రెట్లు’ అన్న మూడు మాటల సంగతి వేరు. అవి నిజమో అబద్ధమో తేల్చగల మాటలు. వస్తువును షోకేసులో పెట్టుకున్నా, కంటికి పెట్టుకున్నా అవి మారవు.

వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. సరుకు నాణ్యత, అది దేనితో తయారైంది, ఏ రకం, ఏ మోడల్ అన్న వాటిపై అబద్ధం చెప్పడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. తమాషా ఏమిటంటే, పాతదాన్ని కొత్తదని అమ్మడాన్ని ఆ సెక్షన్ పేరుపెట్టి మరీ చెప్పింది. మీ విషయంలో కొత్తదాన్ని పాతదని అమ్మారు. కాబట్టి ఫిర్యాదులో ‘రకం, నాణ్యత, తయారీ పదార్థం’ గురించిన తప్పుడు ప్రకటన అని రాయండి.

మూడు మాటల్లో ముందు కూలేది 1917. కెల్విన్ అండ్ హ్యూస్ అన్న పేరుతో కంపెనీ ఏర్పడింది 1947లో, రెండు పాత సంస్థలు కలిశాక. 1917లో ఆ జంట పేరే లేదు. నకలు దుర్భిణుల మీద ఈ పేరూ ఈ ఏడూ కలిపి చెక్కడం మామూలే. ఆ కంపెనీకీ వీటికీ సంబంధం ఉండదు. చెక్కిన అక్షరాలను దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీయండి. మీ దగ్గరున్న సాక్ష్యాల్లో ఖర్చు లేనిదీ, ఎదుటివారు జవాబు చెప్పలేనిదీ ఇదే.

పైగా అమ్మినవారు ఇక్కడ ఎటు జరిగినా ఇబ్బందే. నూరేళ్లు దాటిన, గతకాలపు విజ్ఞానానికో కళకో నిదర్శనమైన వస్తువు 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం పరిధిలోకి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారానికి సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు ఉండాలి. ‘నిజంగా 1917 నాటిదే’ అంటే లైసెన్సు చూపించాలి, ‘నకలే’ అంటే ప్రకటన అబద్ధమని ఒప్పుకున్నట్టు. అమ్మినవారికి పంపే నోటీసులో ఈ ప్రశ్నను ఒక్క వాక్యంలో అడగండి.

‘20 రెట్లు’ అన్నదాన్ని మీరే కొలవవచ్చు. అంతకన్నా ముందు ఒక జాగ్రత్త. గొట్టాలన్నీ చివరిదాకా లాగారా, కంటివైపు ఉండే జారుడు మూత పూర్తిగా తెరుచుకుందా, చివరి గొట్టాన్ని కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ చేశారా చూసుకోండి. ‘వాడటం రాక ఫిర్యాదు చేశారు’ అన్నది అమ్మేవారి మొదటి జవాబు. కనీసం 50 మీటర్ల దూరంలో ఉన్నదాన్నే చూడండి.

ఇప్పుడు సూర్యుడు లేని వైపు, వెలుగున్న ఆకాశానికి దుర్భిణిని గురిపెట్టి, కంటి కటకం నుంచి జానెడు వెనక్కి జరిగి చూస్తే దాని మధ్యలో తెల్లటి చిన్న వృత్తం కనిపిస్తుంది. కటకం వెనక ట్రేసింగ్ కాగితాన్ని ఆ వృత్తం అంచు స్పష్టంగా పడేదాకా జరిపి, వ్యాసం స్కేలుతో కొలవండి. ముందు కటకం వ్యాసాన్ని దానితో భాగిస్తే వచ్చేదే రెట్లు. ముందు కటకం 30 మిల్లీమీటర్లు, వృత్తం 5 మిల్లీమీటర్లు అయితే 6 రెట్లు. 20 రెట్లు కావాలంటే వృత్తం 1.5 మిల్లీమీటర్లకు మించకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. మసక కప్పిపుచ్చడానికి కొన్ని నకళ్లలో గొట్టం లోపల చిన్న రంధ్రమున్న బిళ్ల పెడతారు. అప్పుడు లెక్క అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకని రెండో పరీక్ష కూడా చేయండి. దూరంగా ఉన్న ఇటుక గోడనో కిటికీ గ్రిల్లునో ఒక కంటితో దుర్భిణిలోంచి, రెండో కంటితో నేరుగా చూడండి. దుర్భిణిలోని ఒక ఇటుక ఎత్తులో నేరుగా కనిపించే ఇటుక వరుసలు ఎన్ని పట్టాయో అన్ని రెట్లు. రెండు లెక్కలూ తేదీ వేసి రాసి పెట్టుకోండి.

రంగుల చారల మాట. ఒకే గాజుతో చేసిన కటకం ఒక్కో రంగును ఒక్కో దూరంలో కలుపుతుంది, చారలు అందుకే. రెండు రకాల గాజు కలిపి ఆ లోపం తగ్గించే జంట కటకానికి లండన్‌లో జాన్ డాలండ్ పేటెంటు పొందింది 1758లో. 1917 నాటి అసలు నావికా దుర్భిణిలో ఈ చారలు కొట్టొచ్చినట్టు కనిపించడం నమ్మదగ్గ విషయం కాదు. అంటే మసకను విడి లోపంగా కాకుండా, వయసు అబద్ధమనడానికి తోడు సాక్ష్యంగా వాడండి. అక్కడే దానికి విలువ.

ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. అతుక్కుందంటే అక్కడ ఇనుము ఉంది, పైన పూతే. కానీ ఒక రింగుకో స్క్రూకో అతుక్కుంటే ‘లోపలి భాగం ఇనుముదే, ఒళ్లంతా ఇత్తడే’ అంటారు. మీ దాంట్లో ఒక గొట్టానికే అతుక్కుంటోంది కాబట్టి మీ పక్షం గట్టిదే. వీడియోలో మూడు గొట్టాల మీదా వరసగా అయస్కాంతం పెట్టి చూపించండి. అతుక్కోనిదల్లా ఇత్తడి అనుకోకండి. అల్యూమినియానికీ జింకుకూ కూడా అయస్కాంతం అతుక్కోదు. అల్యూమినియం అయితే బరువులోనే తెలిసిపోతుంది, దాని సాంద్రత ఇత్తడిలో మూడో వంతు కూడా ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు గీకి చూడటం. దయచేసి గీకకండి, చింతపండో పాలిషో పెట్టి తోమకండి, మరలు విప్పకండి. ఒక్క గీత కనిపించినా ‘వినియోగదారుడే పాడుచేశాడు’ అన్న వాదనకు తలుపు తీసినట్టే. లోహం తేల్చడానికి చట్టంలోనే దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ వస్తువును సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. నివేదికకు 45 రోజుల గడువు. పరీక్ష రుసుము ముందు మీరే కట్టాలి.

ఈరోజే చేయాల్సిన పని ప్రకటన పేజీని పూర్తిగా, తేదీ, సమయం, లింకు కనిపించేలా భద్రపరచడం. ఫిర్యాదు వెళ్లగానే పేజీలో ‘పురాతన’ పోయి ‘పురాతన శైలి’ అని మారిపోవడానికి రెండు నిమిషాలు చాలు. బిల్లు, పెట్టె మీది లేబుల్, చాట్ సంభాషణ కూడా దాచండి. ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఏడు ఉండాలన్నది తూనికలు కొలతల నిబంధన. 1917 అని అమ్మినదాని పెట్టె మీద ఈమధ్య తేదీ ఉందేమో తిప్పి చూడండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయడం మంచిది.

తర్వాత మీరు కొన్న ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని అవే నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ‘వాపసు లేదు’ అన్న షరతు మీకు వర్తించదు. అమ్మినవారి చిరునామా తెలియకపోతే వేదికను రాతపూర్వకంగా అడగండి, కొన్నవారికి అది ఇవ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కొన్ని తగాదాలు అక్కడితోనే తీరుతాయి.

తీరకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. నోటీసు తప్పనిసరి కాదు, పంపితే మేలు. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, అమ్మినవారి ఊరికి వెళ్లక్కర్లేదు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. అమ్మినవారినీ వేదికనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ధర వాపసు, పరిహారం, ఖర్చులు మూడూ విడివిడిగా అడగండి. పరిహారం అంకె మాత్రం కొన్న ధరకు అందనంత ఎత్తున వేయకండి, అది మీ నిజాయితీ మీదే అనుమానం తెస్తుంది. మీరు తిరిగి అమ్మడానికి కొని ఉంటే మాత్రం ‘వినియోగదారుడు’ కిందికి రారు.

వాడకం సంగతి. దుర్భిణి దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. మేడ మీద నుంచి పక్షులనో చంద్రుణ్నో చూస్తే ఎవరూ కేసు పెట్టలేరు. ఎదురింటి కిటికీలోకి తిప్పితే కథ మారుతుంది. ఎవరూ చూడరనుకునే చోట ఒక స్త్రీ ఏకాంతంలో ఉండగా చూడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. ఫొటో తీయక్కర్లేదు, చూస్తే చాలు. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. అవమానించే ఉద్దేశంతో స్త్రీ గోప్యతలోకి చొరబడితే సెక్షన్ 79 కింద మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ‘ఇందులో ఏమీ సరిగ్గా కనపడదండీ’ అన్నది మీ వినియోగదారుల కేసులో పనికొచ్చే మాటే గానీ, పోలీస్ స్టేషన్లో రక్షణ కాదు. ఎదురింటివాళ్లు అభ్యంతరం చెప్పారు కాబట్టి ఆ వైపు అసలు తిప్పకండి. రక్షణ శాఖ స్థలాల చుట్టుపక్కల కూడా దీన్ని బయటికి తీయకండి. అధికార రహస్యాల చట్టం, 1923 కింద నేరం కావాలంటే దేశానికి హాని చేసే ఉద్దేశం ఉండాలి. కానీ అది తేలేలోపు మీ రోజంతా ప్రశ్నలకే పోతుంది.

సూర్యుణ్ని దీనితో చూడకూడదు, క్షణం కూడా. మూత లేకుండా కిటికీ గట్టు మీద వదిలేస్తే ముందు కటకం ఎండను ఒకచోట చేర్చి కర్టెన్ అంటించగలదు. అలాంటి హాని జరిగితే, పెట్టెలో హెచ్చరిక లేదని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కింద తయారీదారును అడగవచ్చు. అయితే అందరికీ తెలిసిన ప్రమాదానికి హెచ్చరిక లేకపోయినా బాధ్యత లేదని అదే చట్టం సెక్షన్ 87 చెబుతోంది. కంటి విషయంలో ఆ మినహాయింపు మీకు అడ్డొస్తుంది, కర్టెన్ విషయంలో వాదించడానికి కొంత చోటుంది.

ఇక మేనల్లుడి కానుక. నిజమైన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. మీది నకలే అయినా, ఒంటి మీద ‘1917’ చూసి కస్టమ్స్ ఆపవచ్చు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకుని పార్శిల్‌కు జతచేయాలి. కేసు ముగిసేదాకా మాత్రం పంపకండి, పరీక్షకు ఆ వస్తువే కావాలి. ధ్రువపత్రానికి దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. ప్రకటనలోని ‘1917’ అబద్ధమని ప్రభుత్వ శాఖే రాసిచ్చిన కాగితం అవుతుంది కాబట్టి, దాని కాపీని ముందు మీ ఫిర్యాదుకు జతచేయండి.