మావారు తాగుడు మానేసి నెలలైనా ఊళ్ళో అందరూ ఇంకా చులకనగానే చూస్తున్నారు. ఏం చేయాలి?

డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చాక మీవారు మళ్ళీ ముట్టలేదనీ, అయినా చుట్టాలు నలుగురిలో పాత పేరు పెట్టే పిలుస్తున్నారనీ, ఆయన ఇల్లు కదలడం మానేశారనీ రాశారు. మా అన్నయ్య విషయంలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మాకు పనికొచ్చినవి చెబుతాను.

తాగుడుకు బానిస కావడం ఒక జబ్బు. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కేసింది. శరీరానికి జబ్బు చేసినవాళ్ళతో సమానంగా వీళ్ళకీ వైద్యం అందాలని చెప్పింది. అయినా 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యం లేకుండా ఉండలేని స్థితికి చేరిన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మా ఇంట్లో ఆలస్యం ఎందుకు జరిగిందో నాకు తెలుసు. ఎర్రగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్తే పిచ్చాసుపత్రికి వెళ్ళొచ్చాడంటారని, రేపు ఆడపిల్లకు సంబంధాలు రావని అమ్మ భయం. చివరికి వెళ్ళినప్పుడు కూడా, హైదరాబాద్‌లో ఏదో పని దొరికిందని ఊళ్ళో చెప్పుకున్నాం.

"మాల వేసుకున్నప్పుడు చుక్క ముట్టడు కదా, మనసుంటే మానలేడా?" అని మీ ఇంటికొచ్చి కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. అన్నయ్య మొదట్లో 41 రోజులూ నిష్ఠగానే ఉండేవాడు. తర్వాత తర్వాత ఒళ్ళు అలవాటు పడిపోయింది. చివరిసారి మాల వేసుకున్న రెండో రోజుకే చేతులు వణికి నీళ్ళ చెంబు పట్టుకోలేకపోయాడు. బాగా అలవాటైన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఆస్పత్రికి అంతమంది ఎందుకు వచ్చారనుకున్నారు? కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులకు అలవాటు పడ్డ కూలి జనం కూడా ఉన్నారు అందులో. ఫిట్స్‌తో పడిపోతున్న మనిషికి పట్టుదల గురించి చెప్పి ఏం లాభం?

మాల గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో అందరూ స్వామీ అని పిలిచి, పీట వేసి భిక్ష పెట్టేవాళ్ళు. "అప్పుడు తలెత్తుకుని బజారుకు పోయేవాణ్ణి చెల్లీ" అన్నాడు ఒకసారి. మిగతా రోజుల్లో ఆయనకు దొరకనిది ఆ మర్యాదే.

చికిత్స తర్వాత దాన్ని తిరిగి తెచ్చింది మా వదిన. దాచడం మానేసింది. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, షుగర్‌కు మందులు వాడుతున్నారని చెప్పినంత మామూలుగా, "ట్రీట్‌మెంట్ తీసుకున్నారు, ఇప్పుడు బాగున్నారు" అనేది. దాచినన్నాళ్ళే గుసగుసలు. రాత్రి ఇంటికి రాగానే నోరు వాసన చూసే పని కూడా మానేసింది. షాపు గల్లా తాళం ఆయన చేతికే ఇచ్చింది. బయటివాళ్ళ మాటల కన్నా ఇంట్లో వాళ్ళ అనుమానపు చూపే ఆయన్ని ఎక్కువ కోసిందని అన్నయ్యే చెప్పాడు.

ఫంక్షన్లకు మాలో ఒకరం తోడు వెళ్ళేవాళ్ళం. భోజనం చేసి, మందు సీసాలు తెరవకముందే వచ్చేసేవాళ్ళం. "ఒక్క పెగ్గుకేం కాదులే" అని గ్లాసు చేతిలో పెట్టేదీ, రేపు తాగుబోతు అనేదీ ఒకే మనుషులు. వాళ్ళ ముందు మొహమాటపడకండి. మీవారి తరఫున మీరే గట్టిగా వద్దని చెప్పండి.

మెడికల్ షాపులో మందు మాన్పించే మాత్రలు తెచ్చి చెప్పకుండా కూరలో కలపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఎప్పుడూ ఆ పని చేయకండి. ఆ మాత్రల్లో ఉండే డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ వచ్చి, బీపీ పడిపోయి ప్రాణాలు పోవచ్చు. డాక్టర్ చెప్పాక, ఆయనకు తెలిసి, ఆయన ఒప్పుకునే వాడాలి.

మధ్యలో మళ్ళీ తాగితే అంతా అయిపోయినట్టు కాదు. మా అన్నయ్య కూడా తాగాడు. అప్పుడు వెళ్ళిన ఒక క్లినిక్‌లో డాక్టర్ నాడి కూడా చూడకుండా, ఇలాంటివాళ్ళకు టైమ్ వేస్ట్ అన్నారు. సిగ్గుతో అన్నయ్య చాలా రోజులు ఏ ఆస్పత్రి గడపా తొక్కలేదు. అలా మాట్లాడే చోటు నుంచి లేచి వచ్చేసి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అయితే గౌరవించడమంటే దెబ్బలు ఓర్చుకోవడం కాదు. చెయ్యి చేసుకుంటే పిల్లల్ని తీసుకుని ముందు మీరు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి.

డీ-అడిక్షన్ సహాయానికి 14446, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416, రెండూ ఉచితమే. 14416లో తెలుగులో మాట్లాడవచ్చు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఫీజు ఉండదు, అక్కడ ఎవరి పేరూ బయటికి రాదు. కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అని విడిగా ఉంది. మీవారు ఇంకా ఇల్లు కదలనంటే, ముందు మీరొక్కరే వెళ్ళి కూర్చోండి.