ఐండ్‌హోవెన్ వైపు ఉద్యోగం, హేజెలో ఇల్లు: కుదురుతుందా?

నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ నగరం పక్కనున్న ఫెల్డ్‌హోవెన్‌లో ఆఫీసు, దగ్గర్లోని హేజె ఊళ్ళో ఇల్లు తీసుకుంటే రోజూ తిరగడం కుదురుతుందా, పిల్లలకు అక్కడ ఏం తోస్తుంది అని కదా మీరడిగారు. మేం ఉండేది హేజెలోనే. కుదురుతుంది గానీ, స్టేషన్ ఉంది కదా అని మురిసిపోకండి. ఐండ్‌హోవెన్‌కి రైల్లో పది నిమిషాలే, కానీ ఫెల్డ్‌హోవెన్‌కి రైలే లేదు, దిగి మళ్ళీ బస్సు పట్టుకోవాలి, అదొకటి తప్పితే ఇంకొకటి అని ఎదురుచూడాలి. అందుకే మా ఆయన ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కున్నారు. 10 కిలోమీటర్ల పైమాటే, వాన, ఎదురుగాలి రెండూ కలిసిన రోజు మాత్రం తిట్టుకుంటూ వెళ్తారు.

హేజె, పక్కూరు లేండె విడివిడిగా ఉండేవి, 1997లో కలిపి ఒకే మునిసిపాలిటీ చేశారు. జనాభా 16 వేల పైచిలుకు, అంతే. కందిపప్పు, కరివేపాకు కావాలంటే ఐండ్‌హోవెన్ వెళ్ళాల్సిందే. ఊళ్ళో బడి డచ్చిలోనే, చిన్నపిల్లలైతే మనకంటే ముందే పట్టేస్తారు. ఆగస్టు ఆఖరి ఆదివారం బ్రబాంట్సె డాఖ్ అని పెద్ద శకటాల ఊరేగింపు ఉంటుంది, 1958 నుంచీ జరుగుతోంది, దానికి ఊరంతా నెలల తరబడి షెడ్లలో పనిచేస్తారు. ఇరుగుపొరుగుతో కలవాలంటే అంతకంటే మంచి దారి లేదు.

ఇక ఊరి అంచునే స్ట్రాబ్రెఖ్ట్స హైడె. దాదాపు 1500 హెక్టార్ల ఇసుక నేల, మోకాలెత్తు హెదర్ పొదలు, మధ్యలో బేవెన్ అనే పెద్ద మడుగు. ఆగస్టులో అంతా ఊదా రంగు. పొద పక్కన కూర్చుని చూస్తే ఒక్కో పువ్వు మిరియపు గింజంత, దాని మీద తేనెటీగల రొద. ఇది దానంతటదే ఇలా లేదండీ. ఒకప్పుడు రైతులు గొర్రెల్ని మేపి, పైమట్టి గడ్డితో సహా చెక్కి కొట్టాల్లో పరిచి ఎరువు చేసుకునేవారు, అందుకే చెట్లు లేవలేదు. ఇప్పటికీ గొర్రెల మంద తిరుగుతుంటుంది, మేపడం మానేస్తే పైన్ చెట్లు మొలిచేస్తాయి. చుట్టూ పశువుల, పందుల ఫారాల అమ్మోనియా గాల్లోంచి నేలకు దిగి గడ్డిని తెగ పెంచేస్తోంది, అదింకో తలనొప్పి. ఆ ఫారాల ఎరువు పొలాల్లో చల్లే వసంతంలో కిటికీలు తెరవలేం, ఇల్లమ్మే ఏజెంట్ ఇది చెప్పడు!

పిల్లలతో వెళ్ళేటప్పుడు ప్యాంటు సాక్సులోకి దోపండి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో పిడుదులు చూడండి. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు భయం ఉత్తిదేం కాదు. ఎండాకాలంలో నిప్పు జోలికి అసలు పోవద్దు, 2010 జులైలో ఇక్కడ దాదాపు 200 హెక్టార్లు తగలబడింది.

ఇల్లు చూడ్డానికి మాత్రం ఆగస్టులో రాకండి, ఆ పూలు చూసి సంతకం పెట్టేస్తారు. నవంబర్‌లో వానపడే మంగళవారం పొద్దున రండి, హేజె నుంచి మీ ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్ళి చూసుకుని, అప్పుడు బ్యాంకుతో మాట్లాడండి.