ట్రిపిల్లియా గురించి రాసే ముందు ఒక మాట

అమ్మలూ,

కీవ్‌లో ఎంబీబీఎస్ చదివేటప్పుడు చూసొచ్చిన ట్రిపిల్లియా ఊరి చరిత్ర తెలుగులో రాస్తానన్నావని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషం వేసిందో. మన ఊళ్ళ కైఫీయతులు ముందేసుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి కదా, నాకు తోచింది చెప్తా విను.

రాజులతో మొదలెట్టకు, నేలతో మొదలెట్టు. ఊరు కీవ్‌కి దక్షిణంగా ఓ 40 కిలోమీటర్లలో ద్నిప్రో నది కుడి గట్టున ఉంది, ఆ గట్టు ఎత్తు, అవతలిది పల్లం, దగ్గర్లోనే స్తుహ్నా అనే చిన్న ఏరు వచ్చి కలుస్తుంది. ఇది ముందే చెప్పావనుకో, దక్షిణం మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చిపడే పోలోవ్‌ట్సీలనే సంచార జాతివాళ్ళకి అడ్డంగా కీవ్ రాజులు ఇక్కడే కోట ఎందుకు పెట్టుకున్నారో చదివేవాళ్ళకి దానంతటదే తెలుస్తుంది. 1093 మేలో ఇక్కడ ఓడిపోయి పారిపోతూ రోస్తిస్లావ్ అనే కుర్ర రాజు పొంగుతున్న స్తుహ్నాలో మునిగి చనిపోయాడు, ఆ ఏటి సంగతి ముందు చెప్పకపోతే ఇది ఉత్త తేదీగా మిగిలిపోతుంది. ఇంకోటి, ఇప్పటి గూగుల్ మ్యాప్ చూసి పాత ఒడ్డు గురించి రాసెయ్యకు, 1970లలో కానివ్ రిజర్వాయర్ నిండాక నది రూపమే మారిపోయింది.

అందరూ తప్పు చేసేది ట్రిపిల్లియా సంస్కృతి అనే, వేల ఏళ్ళ కిందటి రాతియుగపు రైతుల నాగరికత దగ్గర. 1890లలో వికెంతీ ఖ్వోయ్కా ఇక్కడ తవ్వాడు కాబట్టి ఆ పేరొచ్చింది, అంతేగానీ వేల మంది ఉన్నారని చెప్పే ఆ పెద్ద పెద్ద ఊళ్ళు, తాల్యాంకీ, మైదానెత్స్కే లాంటివి, ఉన్నది దక్షిణాన చెర్కాసీ ప్రాంతంలో. అక్కడి గొప్పంతా తెచ్చి ఈ ఊరికి అంటగట్టకు. ఇక్కడ ఆర్కియాలజీ మ్యూజియం ఉంది, అందులో ఉన్నదాని గురించి రాస్తే చాలు.

1919 దగ్గర మాత్రం చాలా జాగ్రత్త తల్లీ. ఒతమాన్, అంటే సాయుధ దళాల నాయకుడు, జెలెనీ ఈ ఊరివాడే, అసలు పేరు దనీలో తెర్పీలో. అతని మనుషులు కీవ్ నుంచి వచ్చిన కొమ్సొమోల్ (కమ్యూనిస్టు యువజన సంఘం) కుర్రాళ్ళని చంపారు, సోవియట్ పుస్తకాలు ఆ కుర్రాళ్ళని అమరవీరులన్నాయి, ఇప్పుడేమో చాలామంది జెలెనీని ఉక్రెయిన్ కోసం పోరాడినవాడంటున్నారు. అతని దళాలు యూదుల మీద చేసిన దాడులు ఏ పక్షం వాళ్ళకీ గుర్తుండవు, నువ్వు మాత్రం రాయాలి. రెండు వైపుల పుస్తకాలూ, అవి ఏ సంవత్సరంలో అచ్చయ్యాయో కూడా చూసుకో. 1918కి ముందు తేదీలు పాత జూలియన్ క్యాలెండర్‌వి, 1900 తర్వాతవైతే ఇప్పటి క్యాలెండర్‌కి 13 రోజులు తేడా వస్తాయి.

1932-33 కరువు గురించి రాసేటప్పుడు దేశం మొత్తం లెక్క తెచ్చి ఊరి పేజీలో పెట్టకు, ఊరి లెక్క దొరికితేనే రాయి. జిల్లా పేర్లు కూడా సరిచూసుకో, 2020లో ఉక్రెయిన్‌లో 490 రాయోన్లని (జిల్లాల్ని) 136కి తగ్గించారు.

పక్కనే ఉన్న ఉక్రయిన్కాలో థర్మల్ పవర్ స్టేషన్‌ని 2024 ఏప్రిల్ 11న రష్యా మిస్సైళ్ళు ధ్వంసం చేశాయి, అది రాయి. కానీ అక్కడున్న నీ ఫ్రెండ్స్ పంపే ఫోటోలు, ఏ బిల్డింగ్ ఎక్కడ దెబ్బతింది లాంటివి వాళ్ళనడక్కుండా పెట్టకు, యుద్ధం ఇంకా నడుస్తోంది, దానివల్ల ప్రాణాల మీదకొస్తే వాళ్ళకే వస్తుంది.

మీ పెదనాన్న