మూలన కూర్చునే వీరుడు నాకొద్దు

చిరంజీవికి,

ఆదివారం మొదలయ్యే డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా, పాచికలేసి నడిపించే కథ) కోసం నువ్వు నీ పాత్ర పుట్టుపూర్వోత్తరాలంటూ రాసి పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. భాష బాగుంది. కానీ తొమ్మిదో పేజీలో "అతను ఎవరినీ నమ్మడు, ఎవరితోనూ మాట్లాడడు, ఒంటరిగానే తిరుగుతాడు" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

బల్ల చుట్టూ మరో నలుగురు కూర్చుంటారు నాయనా. ఎవరితోనూ మాట్లాడనివాణ్ణి తెచ్చి వాళ్ల మధ్య కూర్చోబెడితే వాళ్లేం చెయ్యాలి? వాణ్ణి బతిమాలుకుంటూ కూర్చోవాలా? నేను నడిపిన ఒక ఆటకి ఒకతను అచ్చం ఇలాంటి, అడవులు పట్టి తిరిగే రేంజర్‌నే తెచ్చాడు. సత్రంలో మూల బల్ల, మొహం మీదికి ముసుగు. ఊరిపెద్ద వచ్చి, పిల్లలు కనపడట్లేదని ఏడుస్తుంటే దైవశక్తితో గాయాలు మాన్పే క్లెరిక్ లేచింది, యుద్ధవీరుడు ఫైటర్ లేచాడు. నువ్వేం చేస్తున్నావని ఇతన్ని అడిగాను. "దూరం నుంచి గమనిస్తున్నా." అడవిలో అడిగినా అదే జవాబు. గుహ ముందూ అదే. చివరికి క్లెరిక్‌గా ఆడుతున్న అమ్మాయి పాచికలు దగ్గరికి లాక్కుని, "మాస్టారూ, ఈయన్ని ఇక్కడే గమనిస్తూ ఉండమని మేం లోపలికి పోతాం" అంది. పోయారు. ఆ సాయంత్రమంతా అతను కుర్చీలో ఊరికే కూర్చున్నాడు.

క్యారెక్టర్‌ని ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఒక్కటే. వీడికి పక్కవాళ్లతో పనేమిటి? ఈ ఆట పుట్టడమే ఆ అవసరంతో పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు మూడు క్లాసులే, అంటే పాత్రల వృత్తులే, ఉండేవి: యుద్ధవీరుడు, మంత్రగాడు, క్లెరిక్. నువ్వు ఎంచుకున్న దొంగ (ఇప్పటి పేరు రోగ్) ఆ మరుసటి ఏడు అనుబంధంలో గానీ రాలేదు. మొదటి లెవెల్ మంత్రగాడి సంగతి చూడు. కవచం తొడగకూడదు, బాకు తప్ప ఆయుధం పట్టకూడదు, రోజుకి ఒక్కటంటే ఒక్క మంత్రం. అది కాస్తా అయిపోతే యుద్ధవీరుడి వెనక్కి చేరాల్సిందే. అలాంటివాడు "నేనెవరితోనూ మాట్లాడను" అంటే తెల్లారేదాకా బతకడు. పుట్టుపూర్వోత్తరాలు రాసుకొచ్చే పద్ధతి అప్పట్లో లేదు. మూడేసి పాచికలు ఆరుసార్లు వేసి, పడ్డ అంకెలు పడ్డ వరసలోనే బలం, తెలివి లాంటి ఆరు గుణాలకి రాసుకుని, గుహలోకి దిగేవాళ్లు. మనిషి ఎలాంటివాడో లోపల తేలేది.

నీ ఆరో పేజీలో వీడు పదిహేడేళ్లకే రాక్షస సేనాపతిని చంపేశాడు. మరి ఆదివారం వాడు మొదటి లెవెల్ రోగ్‌గా వస్తున్నాడు కదా! 2014 నియమాల ప్రకారం 8 హిట్ పాయింట్లు (అవి అయిపోతే కూలిపోతాడు), ఒంటి గట్టిదనాన్ని బట్టి ఇంకో ఒకటో రెండో. గోబ్లిన్ అనే చిల్లర భూతం కత్తివేటు ఒక్కటి గట్టిగా తగిలితే 8 పోతాయి. సేనాపతిని చంపినవాడు గోబ్లిన్ చేతిలో నేలకూలితే, నువ్వు రాసిందంతా అబద్ధమని బల్ల దగ్గర అందరికీ తెలిసిపోతుంది. అసలు పెద్ద పనులన్నీ ఆటకి ముందే అయిపోతే, ఆటలో ఏం మిగిలింది?

ఈ పాపం నీ ఒక్కడిదే కాదు. నేను గుమస్తాగిరీ చేసుకుంటూ రాత్రిళ్లు రాసిన మొదటి మంత్రగాడి కథని ఒక వారపత్రిక ఎడిటర్ తిప్పి పంపాడు. "ముందు హీరో కష్టాలు చెప్పండి, పాఠకుడికి జాలి పుట్టాలి" అట. నా కథ మంత్రగాడు పొరుగింటావిడని శేరు బియ్యం అప్పడగడంతో మొదలవుతుంది. ఒక్క అక్షరం మార్చలేదు. ఇంకోచోట అచ్చవడానికి ఏళ్లు పట్టింది, పట్టనీ. ఇప్పుడా ఎడిటర్ల స్థానంలో, ఏ అంకె ఏ గుణానికి పెట్టాలో చెప్పే బిల్డ్‌ల వీడియోలు వచ్చాయి. 15, 14, 13, 12, 10, 8 అంకెలిస్తే అందరూ 8ని తీసుకెళ్లి మాటకారితనాన్ని కొలిచే కరిజ్మాలో పడేస్తారు, నువ్వూ అంతే. పడేసి, ఆ వంకతో నోరు మూసుకుంటారు. 8 అంటే ఇరవై ముఖాల పాచిక మీద ఒక్క అంకె తగ్గుతుంది, అంతే! మాట తడబడినా మాట్లాడేవాణ్ణి ఆడు. లేదా 8ని బలంలో పెట్టు. గేటు ఎత్తడానికి ఫైటర్‌ని పిలవాల్సి వస్తుంది.

నీ పదకొండో పేజీ మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. కత్తి కొనడానికి వాడు చెల్లెలి కడియం కుదువ పెట్టబోతే, షాహుకారు గోటితో అతుకు దగ్గర గీకి, "సగం లక్కే ఉంది" అంటాడు. వాడు సిగ్గుతో తల దించుకుని, ఇచ్చినంతే పుచ్చుకుంటాడు. నాయనా, నీ క్యారెక్టర్ వీడు! చెల్లెలికి బాకీ ఉన్నాడు, డబ్బు కావాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పార్టీలో, అంటే మిగతావాళ్ల జట్టులో, చేరడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ పేజీ ఉంచి మిగతా పదమూడూ తీసెయ్. రెండు కత్తులా, విల్లా అన్నది నీ ఇష్టం. ఈ రాత్రే మీ క్లెరిక్ ఆడేవాళ్లకి ఫోన్ చేసి, ఆ కడియం కుదువ పెట్టిన రోజు తన క్యారెక్టర్ అదే కొట్లో ఉండి ఉంటే ఒప్పుకుంటారేమో అడుగు. ఒప్పుకుంటే అక్కడ తనేం చూసిందో వాళ్లనే చెప్పనీ, నువ్వు రాయకు. శనివారంలోగా అర పేజీకి కుదించి, ఆట నడిపే మీ డంజన్ మాస్టర్‌కి పంపు, నాకూ ఒక కాపీ పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు