‘వితౌట్ ప్రెజుడీస్’ అని రాసిన ఉత్తరం వచ్చినప్పుడు

బ్రిటన్‌లో ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లు కొందరు, మేనేజరుతో తగవు ముదిరిన తరువాత హెచ్‌ఆర్ నుంచి ‘వితౌట్ ప్రెజుడీస్’ అన్న శీర్షికతో ఈమెయిలు అందుకొని, అది బెదిరింపో తొలగింపు నోటీసో తెలియక కంగారు పడుతుంటారు. సాధారణంగా అది రాజీ ప్రతిపాదన. తగవు తీర్చుకోవడానికి ఇరుపక్షాలు నిజాయితీగా రాసుకొన్న మాటలను ఆ తరువాత ఉద్యోగ వివాదాలను విచారించే ట్రైబ్యునల్‌లో సాక్ష్యంగా చూపరాదన్నది ఇక్కడి న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న నియమం. కంపెనీ ఇంత ఇస్తామన్నందుకు తప్పు ఒప్పుకొన్నట్టు కాదు. మీరు ఇంతకు ఒప్పుకొంటామన్నందుకు మీ క్లెయిము విలువ అంతేననీ కాదు.

అయితే ఆ శీర్షిక ఒక్కటే రక్షణ ఇవ్వదు. వివాదం అప్పటికే ఉండాలి, ఉత్తరం దాన్ని పరిష్కరించుకొనే ప్రయత్నం కావాలి. ప్రసూతి సెలవు నుంచి తిరిగివచ్చి గ్రీవెన్సు (కంపెనీకి లాంఛనంగా ఇచ్చే ఫిర్యాదు) పెట్టిన ఉద్యోగినిని పిలిచి, ఇది వితౌట్ ప్రెజుడీస్ అంటూ, ప్యాకేజీ తీసుకొని ఉద్యోగం వదలమన్న బీఎన్‌పీ పారిబా బ్యాంకు కేసులో, గ్రీవెన్సు పెట్టినంత మాత్రాన వివాదం ఉన్నట్టు కాదనీ, ఆ సంభాషణను ఆమె సాక్ష్యంగా చూపవచ్చుననీ 2004లో ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రైబ్యునల్ తీర్పునిచ్చింది.

వివాదం ఇంకా లేని దశలోనూ యజమాని రాజీ మాట ఎత్తడానికి వీలుగా 2013లో ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్‌లోకి 111ఏ సెక్షను వచ్చింది. ‘ప్రొటెక్టెడ్ కన్వర్సేషన్’ అంటే అదే. అది సాధారణ అన్‌ఫెయిర్ డిస్మిసల్ (అన్యాయపు తొలగింపు) క్లెయిములకే వర్తిస్తుంది. జాతి వివక్ష, లింగ వివక్ష, విజిల్ బ్లోయింగ్ (సంస్థలోని తప్పులను బయటపెట్టడం) వంటి క్లెయిములలో యజమాని దాని చాటున దాగలేడు. అందుచేత అలాంటి సమావేశం నుంచి రాగానే ఎవరు ఏమన్నారో తేదీతో సహా రాసిపెట్టుకోండి.

నేను గట్టిగా చెప్పదలచుకొన్నది ఒకటుంది. మీకు జరిగిన అన్యాయాన్నీ మీరు అడిగే మొత్తాన్నీ ఒకే ఉత్తరంలో పెట్టి, పైన ‘వితౌట్ ప్రెజుడీస్’ అని రాయకండి. అలా రాస్తే, ఫలానా తేదీన ఫలానా ఫిర్యాదు చేశానని రుజువు చేయవలసిన రోజున ఆ ఉత్తరాన్ని బయటపెట్టే హక్కును మీరే పోగొట్టుకొన్నవారవుతారు. ఫిర్యాదు, సంఘటనలు, తేదీలు మామూలు ఉత్తరంలో గ్రీవెన్సుగా పంపండి. డబ్బు, రిఫరెన్సు, ఉద్యోగం ముగిసే తేదీ గురించిన మాటలకు ‘వితౌట్ ప్రెజుడీస్’ అని వేరే ఉత్తరం రాయండి. ఆ రెండవ ఉత్తరాన్ని ట్రైబ్యునల్ ఫారానికి జతచేయవద్దు, వాట్సాప్ గుంపులలో పెట్టి సలహా అడగవద్దు. ఉద్యోగ తగవులలో రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ ఏకాస్ తరఫు కన్సిలియేటర్‌తో (మధ్యవర్తితో) రాజీ కోసం చెప్పిన మాటలకు కూడా ఇటువంటి రక్షణే ఉంది.

రాజీ మాటలు సాగుతున్నంత మాత్రాన క్లెయిము గడువు ఆగదు. చాలా క్లెయిములకు అది మూడు నెలలకు ఒక రోజు తక్కువగా ఉంటూ వచ్చింది. దాన్ని పెంచే మార్పులు జరుగుతున్నాయి కనుక మీ విషయంలో ఏ గడువు వర్తిస్తుందో ఏకాస్ హెల్ప్‌లైన్‌లో ముందే కనుక్కోండి.

సెటిల్‌మెంట్ అగ్రిమెంటు (రాజీ ఒప్పందం) మీద రేపే సంతకం చేయమంటే తొందరపడకండి. రాతపూర్వక షరతులను పరిశీలించడానికి కనీసం 10 రోజులు ఇవ్వాలని ఏకాస్ కోడ్ చెబుతుంది. స్వతంత్ర న్యాయ సలహా తీసుకోనిదే చట్టబద్ధమైన హక్కులను వదులుకొనే ఆ ఒప్పందం చెల్లదు. ఆ సొలిసిటర్ ఫీజులో కొంతైనా యజమాని భరించడం ఇక్కడి ఆనవాయితీ కనుక మొహమాటపడకుండా అడగండి.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి పరిహారం మొత్తం కంటె ఉద్యోగం ముగిసే తేదీ ముఖ్యం కావచ్చు. ఉద్యోగం ముగిసిన 10 పనిదినాలలో స్పాన్సరు, అంటే వీసాకు పూచీపడిన యజమాని, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోం ఆఫీసుకు తెలపాలి. ఆపైన హోం ఆఫీసు సాధారణంగా వీసాను 60 రోజులకు కుదిస్తుంది. కొంత డబ్బు తగ్గినా సరే, కొత్త స్పాన్సరు దొరికే వ్యవధి కోసం ఆ తేదీని మరికొంత ఆలస్యంగా పెట్టమని రాజీ ఉత్తరంలోనే అడగండి.