16 ఏళ్లుగా కలిసి ఉంటున్నాం... ఆయన తర్వాత నాకేం మిగులుతుంది?

ప్రశ్న: నా వయసు 47. మొదటి భర్తతో పడక, పెద్దమనుషుల్లో కాగితం రాసుకుని విడిపోయాను. 16 ఏళ్లుగా భార్య చనిపోయిన ఒకాయనతో ఉంటున్నాను. తాళి, పెళ్లి ఏమీ లేవు. ఆయన ప్రైవేటు ఉద్యోగి. సొంత సంపాదనతో ఇల్లు కట్టారు. బ్యాంకు డిపాజిట్, ఎల్‌ఐసీ, పీఎఫ్ అన్నింట్లో నామినీగా నా పేరే రాశారు. ఈమధ్య ఆయనకు స్టెంట్ వేశారు. 'నాన్నకు ఏమన్నా అయితే నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే' అంటున్నాడు ఆయన కొడుకు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. - ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ పెద్దమనుషుల కాగితం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించినా అది విడాకులు కాదు. మీ కులంలో అలా విడిపోయే ఆచారం ఎప్పటి నుంచో ఉందని రుజువు చేయగలిగితే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కింద చెల్లుతుంది. ఆ రుజువు తేలిక కాదు. అది లేకపోతే చట్టం లెక్కలో మీరింకా మొదటి భర్త భార్యే.

ఏళ్ల తరబడి కలిసి కాపురం చేసినవాళ్లను భార్యాభర్తలుగానే కోర్టులు భావిస్తాయని మీరు వినే ఉంటారు. నిజమే, కానీ మొదటి పెళ్లి రద్దు కాలేదని కొడుకు చూపిస్తే ఆ వాదన నిలబడదు. గృహహింస చట్టం 'పెళ్లి లాంటి బంధాన్ని' కూడా కాపాడుతుంది. అయితే ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మాత్రం తెలంగాణ కేసులో, కోర్టు విడాకులు లేకుండా ఒప్పంద పత్రంతో విడిపోయిన మహిళకు రెండో భర్త భరణం ఇవ్వాలని అదే కోర్టు తీర్పిచ్చింది. అక్కడ రెండో పెళ్లి జరిగి, రిజిస్టర్ కూడా అయింది. మీకు అదీ లేదు. పైగా మీ భయం ఆయన పోయాక సంగతి గురించి కదా, దానికి ఈ భరణం తీర్పు అక్కరకు రాదు.

ఇక నామినీ. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామంది నామినీ అంటే వారసులే అనుకుంటారు. కాదు. డిపాజిట్‌లో నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బు వారసులది. ఎల్‌ఐసీలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే సొమ్ము వాళ్లదే. చట్టబద్ధ భార్య కానందున మీకా రక్షణ లేదు. పీఎఫ్ ఇంకా కఠినం: కొడుకు ఉండగా బయటివాళ్ల పేరు రాస్తే ఆ నామినేషనే చెల్లదు.

కాబట్టి ముందు వీలునామా రాయించండి. ఇల్లు ఆయన స్వార్జితం కనుక ఎవరికైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి, మీరు సాక్షి కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. స్టెంట్ వేశారు కాబట్టి ఆయన తెలివిడిగా ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. నన్నడిగితే మొత్తం ఇల్లు మీ పేరునే కాకుండా, మీరు బతికున్నంతకాలం అందులో ఉండేలా, తర్వాత కొడుక్కి చెందేలా రాయిస్తే గొడవ తగ్గుతుంది. డిపాజిట్, పాలసీ సొమ్ము ఎవరికో కూడా అందులోనే రాయించండి.

రెండోది, మొదటి భర్త ఒప్పుకుంటే పరస్పర అంగీకార విడాకులకు వెయ్యండి. అర్జీ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అవి వచ్చాక పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకుంటే కొడుకుతో సమానంగా మీరూ వారసురాలే. పీఎఫ్‌కు అప్పుడు కొత్తగా నామినేషన్ వేయించండి. ఈలోపు గుళ్లో తాళి కట్టించేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ పెళ్లి చెల్లదు సరికదా, ద్వివివాహం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

వీలునామాను మాత్రం విడాకుల కోసం ఆపకండి. అందులో మిమ్మల్ని 'నా భార్య' అని రాయనివ్వకండి, మీ పేరు, తండ్రి పేరుతోనే రాయించండి. ఆ ఒక్క మాట పట్టుకుని వీలునామా మొత్తం మోసమని వాదించిన కేసులు నేను చూశాను.